కుక్కపిల్ల కుంటుచున్నప్పుడు

తెల్లవాఱి తలుపు గడియ తీసిన చప్పుడు వినగానే పరుగున వచ్చి మీ కాళ్లకు చుట్టుకొను కుక్కపిల్ల, ఒకనాడు పిలిచినను లేవక, లేచినను వెనుకకాలొకటి నేల మోపలేక, మూడుకాళ్లపై నిలిచి మీ ముఖము వంక చూచినదనుకొందము. అప్పుడు మీరేమి చేయుదురు? ఇంటిలోని పెద్దలు "ఎగిరి దూకినప్పుడు బెణికింటాది, నాలుగు దినాలుంటే అదే సర్దుకుంటాది" అందురు. ప్రక్కింటివారు "కుక్కకు గూడా డాక్టరేందప్పా, రొంత ఆముదం రాసి కాపడం పెట్టండి" అని హితవు చెప్పుదురు. మందులషాపువాడు కాల్షియం టానిక్కు సీసా చేతికిచ్చును. మీకా, పనుల తొందర యొకవైపు, ఖర్చు భయమొకవైపు, ఎక్కడికి తీసికొనిపోవలయునో తెలియని తికమక మఱియొకవైపు. ఆ ఉదయమున మీకు అక్కఱకు రావలెనని ఈ అధ్యాయము వ్రాయుచున్నాను.

ముందుగా ఆ "నాలుగు దినాలు" సంగతి తేల్చుకొందము. పెరిగిన కుక్క కాలు బెణికినచో నాలుగు దినములు నాలుగు దినములే. కాని లాబ్రడార్ వంటి జాతిపిల్ల పుట్టిన ఐదాఱు నెలలలోనే తన పూర్తి బరువులో సగమునకు పైగా సంతరించుకొనును. అంత వేగముగా ఎదుగు శరీరమునకు వారము దినములు మన లెక్కలో చాల నెలలు. దాని ఎముకల చివరలయందు ఇంకను గట్టిపడని మృదువైన పొరలుండును. ఎముక పొడవెదుగుట అచ్చటనే. ముంగాలిలో ప్రక్కప్రక్కనే యుండు రెండెముకలలో ఒకదాని పొర దెబ్బతిని ఎదుగుట మానినచో, రెండవది మానక ఎదుగుచునే యుండును గనుక, కొన్ని వారములలోనే కాలు వింటివలె వంగిపోవును. తుంటి కీలు వదులుగా నున్న పిల్లలకు చేయదగిన శస్త్రచికిత్సలలో ఒకటి ఐదవ నెల దాటక ముందు చేసిననే ఫలించును. ఆపైని ఆ ద్వారము మూసికొనిపోవును. మనము ఊరకుండిన కాలము పిల్లకు విశ్రాంతి యనుకొందుము. అది చేజాఱుచున్న అవకాశమని మనకప్పుడు తోచదు.

కావున నా సలహా ఒక్కటే: కుంటుట ఒకదినము దాటినచో, లేక కొంత తగ్గి మరల వచ్చినచో, పశువైద్యునికి చూపుడు. అయితే చూపుటకు ముందు మీరు చూడుడు. మూగప్రాణి తన బాధను చెప్పలేదు. దాని తరపున చెప్పవలసినవారు మీరే. ఆ చెప్పుట ఎంత తెలివిగా సాగిన, వైద్యుని చేయి అంత సరియైన చోట పడును.

నా కళ్లయెదుట జరిగిన సంగతి యొకటి చెప్పెదను. ఒక పెద్దాయన మూడు నెలల పిల్లను ఒడిలో పెట్టుకొని పశువుల ఆసుపత్రికి వచ్చినాడు. "ఏ కాలు?" అని డాక్టరు అడిగినాడు. "ముందరిదే సార్... కాదు, ఎనకదేమో. మా పిల్లోళ్లు చూసినారు." పిల్లను నేలపై దింపి నడిపించిరి. క్రొత్త చోటు, క్రొత్త వాసనలు, ప్రక్కన మొఱుగు పెద్దకుక్క. భయముతో దాని నడకలో కుంటు మటుమాయమైనది! పెద్దాయన మొగము చిన్నబోయినది. "ఇంటి కాడ కుంటుతాండాది సార్, నిజంగా." అందులో అబద్ధమేమియు లేదు. భయోద్రేకములో నున్న జంతువు నొప్పిని దాచిపెట్టుట సహజము. ఆయన జేబులోని ఫోనులో అరనిమిషపు వీడియో ఉన్నచో ఆ దినము అంతయు వేఱుగా నడచియుండెడిది.

ఇంటివద్ద చేయవలసిన పని

1. నడకను ఫోనులో పట్టుకొనుడు. ప్రక్కనుండి ఒకసారి, ఎదుటినుండి ఒకసారి, వెనుకనుండి ఒకసారి. నిదుర లేచిన వెంటనే తీసినది ఒకటి, ఆడిన తరువాత తీసినది ఒకటి. బండలపై కాక మట్టినేలపై తీయుడు. లేచునప్పుడు పడు పాట్లను గూడ విడువకుడు; కీళ్లనొప్పి లేచుటలోనే బయటపడును.

2. తలను, నడుమును కనిపెట్టుడు. ముందుకాలు నొచ్చుచున్నచో ఆ కాలు నేల తాకినప్పుడెల్ల తల పైకెగయును. మంచికాలు మోపినప్పుడు క్రిందికి దిగును. వెనుకకాలైనచో ఆ వైపు తుంటి ఎగురును. ఈ ఒక్క సూత్రము తెలిసినవాడు "ఏ కాలు?" అను ప్రశ్నకు తడుముకొనడు. రెండు వెనుకకాళ్లును కుందేలువలె ఒక్కసారిగా వేసి పరుగెత్తుచున్నదా? తుంటి కీళ్లను అనుమానింపవలయును. పామ్ వంటి చిన్నజాతి పిల్ల మూడడుగులు చక్కగా వేసి, నాలుగవ అడుగున కాలు మడిచి గెంతి, మరల ఏమియు ఎఱుగనట్లు నడచుచున్నదా? మోకాటిచిప్ప గాడి తప్పుచుండవచ్చును. ఈవారము ఈ కాలు, వచ్చువారము ఆ కాలు అన్నట్లు కుంటు మాఱుచున్నదా? ఎదుగు వయస్సులో పెద్దజాతులకు ఎముకలలో వచ్చు నొప్పి అట్టిది. ఇవి గుర్తులు మాత్రమే, నిర్ణయము వైద్యునిది.

3. జ్వరము చూడుడు. కుక్క ఒడలు సహజముగా మనకంటె వేడి. 101 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దానికి ఆరోగ్యమే. 103 దాటి, తిండి మాని, ఒకటికంటె ఎక్కువ కీళ్లు ఉబ్బినచో దెబ్బ యని సరిపెట్టుకొనకుడు. చెవుల లోపల, వ్రేళ్ల సందులలో గోమార్లున్నవేమో వెదకుడు. అవి తెచ్చు జ్వరము కీళ్లను పట్టుట మన ప్రాంతమున అరుదు కాదు. దానికి రక్తపరీక్ష కావలయును, కట్టు కాదు.

4. ఒక కాగితముపై వ్రాసికొనుడు: పిల్ల వయస్సు, జాతి, బరువు, కుంటు మొదలైన దినము, పొద్దున ఎక్కువా, ఆటల తరువాత ఎక్కువా, పడుట, త్రొక్కుడుపడుట ఏమైన జరిగినదా, ఏయే టీకాలు పడినవి, ఇంతవఱకు ఇచ్చిన మందులేవి. చివరిది దాచిపెట్టకుడు. సిగ్గుపడి దాచిన ఒక్క మాత్ర, తరువాత వైద్యుడిచ్చు మందుతో కలిసి ప్రాణము మీదికి తేవచ్చును.

5. ఏమి తినుచున్నదో ఉన్నదున్నట్లు వ్రాయుడు. "అన్నీ తింటాది" అనుట సమాధానము కాదు.

మన కడప జిల్లాలోని వల్లూరు మట్టికి నడకను కనిపెట్టు ఈ చూపు క్రొత్త కాదు. పదమూడవ శతాబ్దమున ఈ ఊరు రాజధానిగా ఏలిన కాయస్థులలో గంగయ సాహిణి పేరు చరిత్రకెక్కినది. సాహిణి యనగా అశ్వబలమునకు అధిపతి. గుఱ్ఱము కాలు తడబడినచో ఆ దినమే కనిపెట్టనివాడు ఆ పదవిలో నిలువగలుగునా? ఆనాటి కోటలు పోయినవి, గుఱ్ఱములు పోయినవి. జంతువు నడకను ఓపికగా చూచు కన్ను మాత్రము మన గొఱ్ఱెల కాపరులలో, ఎద్దులు కట్టు రైతులలో నేటికిని ఉన్నది. ఎద్దు ఒక అడుగు తేడా వేసిన పసిగట్టు మనము కుక్కపిల్లను మాత్రము ఏల చూడము?

ఇంటి నేల, గిన్నెలోని తిండి

మన సీమలో ఒక ప్రత్యేకమైన చిక్కున్నది. బయటినుండి వచ్చిన పుస్తకములు దానిని చెప్పవు. యెఱ్ఱగుంట్ల, జమ్మలమడుగు పరిసరముల గనులనుండి వచ్చు నాపబండలే మన యిండ్లకు నేల. వేసవిలో చల్లగా నుండును, తుడిచిన అద్దమువలె మెఱయును, మనకు హాయి. కాని రెండు నెలల పిల్లకో? నాలుగుకాళ్లును నాలుగు దిక్కులకు జాఱుచుండ, అది రోజంతయు తన్ను తాను కూడదీసికొనుటకే పెనుగులాడుచుండును. పంజాలు పరచుకొనిపోయి మణికట్లు వంగిన పిల్లలలో, నునుపునేల మార్చి సమమైన ఆహారమిచ్చినంతనే కొద్ది వారములలో కాళ్లు నిలిచినవి గలవు. తుంటి వదులుగానున్న పిల్లకు జాఱుడునేల మఱింత కీడు. గోనెపట్టాలు కుట్టి పిల్ల తిరుగు దారిలో పఱచుడు. కొబ్బరిపీచు చాప, రబ్బరు పట్టా ఏదైనను మంచిదే. మిద్దెమెట్ల మొదట అడ్డముగా పలక నిలుపుడు. దీనికి వైద్యుని చీటి అక్కఱలేదు. ఈ సాయంకాలమే చేయవచ్చును.

ఇక తిండి. ఇచ్చట రెండు తప్పులు రెండు కొసలనుండి వచ్చుచున్నవి. ఒకయింట పిల్లకు మూడుపూటల అన్నము, నీళ్లపాలు. లేదా ఉత్త కోడిమాంసము. మాంసములో భాస్వరము మెండు, సున్నము బహుస్వల్పము; ఆ కొఱత తీర్చుకొనుటకై శరీరము ఎముకలలోని సున్నమునే తోడుకొనును. ఎముకలు పలుచనై, చిన్న గెంతుకే విఱిగిన పిల్లలు గలవు. వేఱొకయింట పిల్ల జర్మన్ షెపర్డో, గ్రేట్ డేనో. ఖరీదైన పిల్లల మేత పెట్టుచు, అది చాలదేమోనని దానిపై కాల్షియం పొడి, టానిక్కు పోయుచున్నారు. ప్రేమతోనే. కాని చిన్నపిల్ల ప్రేగులకు మితిమీరిన సున్నమును వలదని త్రోసివేయు శక్తి ఇంకను రాలేదు. అధికమైన సున్నము పెద్దజాతుల ఎముకల ఎదుగుదలను గతి తప్పించును. సమతూకముగల పిల్లల మేతపై అదనపు కాల్షియం వలదు. ఇంటితిండి పెట్టువారు మన రాగిసంగటిని మానవలసిన పని లేదు, అందు సున్నము మంచి పాలే. కాని సంగటి యొక్కటే కుక్కపిల్లను పెంచదు. గ్రుడ్డు, ఉడికిన మాంసము, వానికి తగిన సున్నము ఏ పాళ్లలో కలుపవలయునో వైద్యునిచేత కాగితముపై వ్రాయించుకొనుడు. మఱియొక మాట. "ఎండలో కట్టేస్తే ఎముకలు గట్టిపడతాయి" అని చెప్పువారున్నారు. మన చర్మమువలె కుక్క చర్మము ఎండనుండి విటమిన్ డి చాలినంత చేసికొనలేదు. దానికది ఆహారముననే రావలయును. కడప ఎండలో పిల్లను కట్టివేయుట కీళ్లకు మేలు చేయదు, వడదెబ్బకు దారి తీయును.

బొద్దుగా నున్న పిల్ల ముద్దుగా నుండుట నిజమే. అయితే 48 లాబ్రడార్ పిల్లలను జంటలుగా విభజించి, జంటలో ఒకదానికి రెండవదానికంటె నాలుగవవంతు తక్కువ మేత పెట్టి బ్రదుకంతయు గమనించిన అమెరికా పరిశోధన యొకటి 2002లో వెలువడినది. తక్కువ తిన్నవానికి కీళ్లవాతము ఆలస్యముగా వచ్చుటయే గాక, అవి దాదాపు రెండేండ్లు ఎక్కువ బ్రదికినవి. ప్రక్కటెముకలు కంటికి కనబడక, చేతికి మాత్రము తెలియవలయును. అదియే కొలత.

ఈ పనులు మాత్రము చేయకుడు

మా యింట మొదట పెరిగిన నాటుపిల్ల మిద్దెపైనుండి పడి ముంగాలు విఱుగగొట్టుకొన్నది. ఎముకలకు కట్లు కట్టువాడొకడున్నాడని ఎవరో చెప్పగా తీసికొనిపోతిమి. వెదురుదబ్బలు పెట్టి, గ్రుడ్డుసొన పూసి, గుడ్డ బిగించి చుట్టినాడు. పిల్ల రాత్రులెల్ల మూలిగినది. "కట్టు కదా, నొప్పుంటాది" అని మేము ఓర్చుకొంటిమి. కట్టు క్రింద పాదము ఉబ్బి, చల్లబడి, నాలుగవనాడు వాసన వచ్చినప్పుడు గాని విప్పలేదు. ప్రాణము దక్కినది, రెండు వ్రేళ్లు పోయినవి. ఆ మూలుగు నాకు నేటికిని వినబడుచున్నది. ఎదుగుచున్న కాలికి బిగువు కట్టు ఎంతటి ప్రమాదమో ఆనాడు తెలిసినచో! వైద్యుడు కట్టిన కట్టైనను సరే, వ్రేళ్లు ఉబ్బినను, చల్లబడినను, తడిసినను, పిల్ల ఎడతెగక కొఱుకుచున్నను ఆ పూటయే చూపవలయును.

వాతలు పెట్టకుడు. విఱిగినదని తోచిన కాలిని లాగి సరిచేయకుడు, తైలము మర్దింపకుడు. ఇంటిలోని నొప్పిమాత్రలను ఇయ్యకుడు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మనకు మందులు. కుక్కపిల్లకు కడుపులో పుండ్లు, రక్తస్రావము, కాలేయమునకు మూత్రపిండములకు చేటు. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరములను తిని రాబందులు నశించుటచే 2006లో మన ప్రభుత్వము పశువైద్యమున దానిని నిషేధించినది. అయినను మనుషుల మందుగా అది అలమారలలో ఉండనే యున్నది. "చిన్న ముక్కే కదా" అను మాట ఎందఱి యిండ్లలో వినబడుచున్నదో తలచుకొన్న భయమగును. కుక్కలకు తగిన నొప్పిమందులు వేఱుగా నున్నవి. బరువు తూచి వైద్యుడే ఇయ్యవలయును.

ఎక్కడికి, ఎట్లు?

మీ మండలములోని పశువైద్యశాలయే మొదటి మెట్టు. బఱ్ఱెలు, గొఱ్ఱెలే అక్కడ ఎక్కువ గనుక కుక్కపిల్లతో పోవుటకు మొగమాటపడువారున్నారు, పడవలదు. పిల్లను కదల్పరాని స్థితియైనచో, 2022లో మన రాష్ట్రమున మొదలైన సంచార పశువైద్య వాహనముల కొఱకు 1962 అను నంబరునకు ఫోను చేసి అడుగవచ్చును. ఎక్స్‌రే, శస్త్రచికిత్స వంటివి కావలసివచ్చినప్పుడు మన అదృష్టము కొలది ప్రొద్దుటూరులోనే పశువైద్య కళాశాల యున్నది. అది 2005లో తిరుపతి కేంద్రముగా ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందినది. జమ్మలమడుగువారికిని, వల్లూరువారికిని అది అందుబాటులోని చోటు. అంతకు మించిన పనియైనచో 1955నాటి తిరుపతి కళాశాల. పులివెందులలో పశుపరిశోధనకై కట్టిన పెద్ద కేంద్రమును చూచి అదియే ఆసుపత్రి యనుకొని పోకుడు. ముందు స్థానిక పశువైద్యుని కలిసి ఆయన వ్రాసిచ్చిన చీటితో కదలుడు. ఎక్కడికైనను ముందు ఫోను చేసి, ఎక్స్‌రే ఆ దినమున ఉన్నదా, పిల్లకు మేత పెట్టి తేవచ్చునా అని అడుగుడు. మత్తు ఇచ్చి తీయు ఎక్స్‌రేకు ఖాళీకడుపు కావలయును. అయితే బహుచిన్న పిల్లలను గంటల తరబడి పస్తుంచుట అపాయము, కావున ఎంతసేపో వైద్యుడే చెప్పవలయును.

మోటారుసైకిలుపై ఇద్దఱి నడుమ నొక్కి తీసికొనిపోకుడు. అట్టపెట్టెలో గోనెపట్టా మడిచి వేసి, అందు పరుండబెట్టి, ఆటోలో పొండు. నొప్పిలో నున్న పిల్ల కన్నతల్లినైనను కఱచును; మెత్తని గుడ్డతో మూతి వదులుగా కట్టుడు, వాంతియో ఆయాసమో ఉన్నచో అదియు వలదు. టీకాలు పూర్తికాని పిల్లను ఆసుపత్రి నేలపై దింపకుడు, ఒడిలోనే యుంచుకొనుడు. కాలి కొఱకు పోయి పార్వో రోగము తెచ్చుకొన్నవారున్నారు.

కాలు ఏమాత్రము మోపలేకున్నను, వంకర తిరిగినను, ఎముక బయటపడినను, వెనుకభాగమంతయు ఈడ్చుచు మూత్రము పోయలేకున్నను రేపటి మాట తలపెట్టక ఆ గడియనే బయలుదేరుడు.

వైద్యుని గదిలో

వీడియో చూపి, కాగితమిచ్చి, తరువాత మౌనముగా నుండుడు. ఆయన చేతులు కీలు కీలునకు పోవుచుండగా పిల్ల ఎక్కడ ఉలికిపడునో చూడనిండు. ఎక్స్‌రే తీయునప్పుడు బాగున్న కాలికి గూడ తీసినచో "డబ్బుకేమో" అని అనుమానింపకుడు. పిల్లల ఎముకలలోని ఎదుగుపొర పటములో విఱుగువలెనే కనబడును; రెండు కాళ్లను పోల్చిచూచిననే తేడా తేలును. మీరడుగవలసినవి:

1. మీ అనుమానమేమి? దానిని తేల్చుటకు ఏ పరీక్ష కావలయును?

2. కొన్నాళ్లు వేచిచూడవచ్చునా? వేచినచో ఏ వయస్సు దాటిన అవకాశము పోవును?

3. ఎన్నాళ్లు విశ్రాంతి? విశ్రాంతి యనగా కట్టివేయుటయా, చిన్న గదిలో నుంచుటయా, తాడుతో కొద్దిదూరము నడపవచ్చునా?

4. ఈ మందు ఎన్ని దినములు? ఏ లక్షణము కనబడిన ఆపవలయును?

5. మొత్తము ఖర్చెంత కావచ్చును? నా శక్తి యింత. ఇందులో మేలైన దారి యేది?

చివరి ప్రశ్న అడుగుటకు సిగ్గుపడువారెందఱో. "డబ్బులేక తిరిగి రాలేదు సార్" అని ఆఱునెలల తరువాత చెప్పుటకంటె, మొదటిదినమే "సార్, నా దగ్గర ఇంతే ఉండాది, ఏం చేద్దాం?" అనుట పిల్లకు వేయిరెట్లు మేలు. శస్త్రచికిత్సకు స్తోమతు లేనివారికి గూడ బరువు తగ్గించుట, నేల మార్చుట, మందు, మితమైన నడక అను దారి యున్నది. తుంటి కీళ్లు సరిగాలేని కుక్కలు అనేకము ఆ దారిననే సుఖముగా బ్రదుకుచున్నవి.

ఇంటికి వచ్చిన తరువాత అన్నిటికంటె కష్టమైనది విశ్రాంతి. మందు పనిచేసి నొప్పి తగ్గిన మూడవనాడే పిల్ల గెంతులేయును. బిడ్డలు బంతి తెచ్చుదురు. నయమైనదని విడిచిపెట్టు ఆ ఘడియలోనే చాల కాళ్లు మరల చెడుచున్నవి. నొప్పి తగ్గుట ఎముక అతుకుట కాదని ఇంటిల్లిపాదికి చెప్పుడు. బిడ్డలకు వేఱొక పని అప్పగింపుడు: వారమునకొకసారి పిల్లను ఎత్తుకొని తూకముపై నిలిచి, ఆపైన తాము మాత్రము నిలిచి, తేడాను గోడపై క్యాలెండరులో వ్రాయుట. మందు వేసిన వేళ, నడిచిన నిమిషములు గూడ అక్కడనే వ్రాయవచ్చును. మరల చూపవలసిన తేదీకి ముందటిదినము, మొదట వీడియో తీసిన ఆ మట్టినేలపైననే, ఆ వేళకే, పిల్లను మెల్లగా నడిపించి ఇంకొకటి తీయుడు. రెండింటిని ఒకదాని వెంట ఒకటి వైద్యునికి చూపుడు. తల ఎగయుట తగ్గినదో లేదో ఆయనతోపాటు మీరును చూడగలరు.